వానాకాలంలో ఇసుక గుట్ట తడి: డ్రయ్యర్ కొనేముందు చూసుకోవాల్సినవి

నమస్కారం అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కాశీనగర్ దగ్గర పేవర్ బ్లాకుల (నేలకు పరిచే సిమెంటు బ్లాకుల) యూనిట్ పెట్టారు. వానల్లో ఘాట్లు (నదిలో ఇసుక తీసే చోట్లు) మూసేస్తారని జూన్‌కి ముందే మూడు వందల టన్నుల వంశధార ఇసుక తోలించి ఆరుబయట పోశారు. ఆగస్టు వచ్చినా గుట్టలో తడి తగ్గడం లేదు. ఒకరోజు బ్లాకు బాగా వస్తోంది, మర్నాడు అచ్చు ఎత్తగానే కూలబడుతోంది. ఎవరో డీజిల్ డ్రయ్యర్, అంటే ఇసుకను డ్రమ్ములో వేసి వేడితో ఆరబెట్టే మెషిన్ కొనమన్నారు. ముందుముందు డ్రై మిక్స్ ప్లాస్టర్ (సిమెంటు, పొడి ఇసుక ముందే కలిపిన) బస్తాలు కూడా చేయాలని ఉంది కాబట్టి, ఒకే ఖర్చుతో రెండు పనులూ అయిపోతాయా అని అడిగారు, గుట్ట ఫొటో కూడా పెట్టారు.

సూటిగా చెబుతాను. బ్లాకుల కోసం డ్రయ్యర్ కొనకండి. మీకు కావాల్సింది పొడి ఇసుక కాదు, రోజూ ఒకే తడి ఉన్న ఇసుక. సిమెంటులో ఎలాగూ నీళ్లు పోస్తారు కదా, ఆ నీళ్లలో కొంత ఇసుకతోనే వస్తే నష్టం లేదు. ఎంత వస్తోందో తెలియకపోవడమే నష్టం. గుట్ట కింద నేల సరిచేసి, పైన కప్పు వేసి, పోసిన ఇసుకను కనీసం ఒక రోజు కదపకుండా వదిలి, రోజూ తడి కొలిచి నీళ్లు తగ్గించుకుంటే మీ సమస్య చాలావరకు తీరిపోతుంది. డ్రై మిక్స్ సంగతి వేరు. దానికి నిజంగానే పొడి ఇసుక కావాలి, దాని గురించి చివర్లో చెబుతాను.

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు బ్యాచింగ్ ప్లాంట్లలో (కాంక్రీటు కలిపే ప్లాంట్లలో) క్వాలిటీ పని చూశాను, ఇప్పుడు చిన్న యూనిట్లకు మిక్సులు కట్టిస్తుంటాను. వానాకాలంలో నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇసుక తడి గురించే.

ముందు మీ బ్లాకులు ఎందుకు కూలబడుతున్నాయో లెక్క చూద్దాం. ప్రెస్ మెషిన్ బ్లాకుకు వాడే మిక్సు దాదాపు పొడిగానే ఉంటుంది. ఉదాహరణకు ఒక ఘనమీటరుకు సిమెంటు 380 కిలోలు, ఇసుక 850, చిప్స్ (సన్న కంకర) 1050, నీళ్లు 137 లీటర్లు అనుకోండి. నీరు సిమెంటు నిష్పత్తి 0.36. ఇసుకలో పైతడి (రేణువుల బయట ఉన్న తడి) 5 శాతం ఉంటే దాంతోనే 42 లీటర్లు వచ్చేస్తాయి. మిగతావి పంపు నుంచి పోసి మీ ఆపరేటర్ సరిచేసుకున్నాడు, ఆ రోజు బ్లాకు బాగా వచ్చింది. మర్నాడు లోడర్ గుట్టలో కొంచెం కిందికి తవ్వి తెచ్చింది, అక్కడ తడి 10 శాతం. ఆపరేటర్ పంపు మీటర్ ఒక్క లీటరు కూడా మార్చలేదు. కానీ మిక్సులోకి ఇంకో 42 లీటర్లు ఎక్కువ పోయాయి, నిష్పత్తి 0.47కి చేరింది. ఆ బ్లాకు నిలబడదు. నిలబడినా ఎం40 గ్రేడు బలం రాదు. అడుగు ఇసుక 16 శాతం తడితో వచ్చిందంటే పంపు పూర్తిగా కట్టేసినా మీకు కావాల్సిన 137 లీటర్లూ ఇసుకే తెచ్చేస్తుంది. దానికి తోడు చిప్స్ తడి ఒకటి. అప్పుడు ఆపరేటర్ చేతిలో ఏమీ ఉండదు.

ఇంకో నష్టం కూడా ఉంది. తూకంలో నీళ్లు కూడా ఇసుక కిందే లెక్కలోకి పోతాయి. 10 శాతం తడి ఇసుకను 850 కిలోలు తూస్తే అసలు ఇసుక 773 కిలోలే. ఇసుక తగ్గి బ్లాకు అంచులు గరుకుగా, తొర్రలుగా వస్తాయి. అది చూసి మిక్సు ఎండిందనుకుని ఇంకాస్త నీళ్లు పోసేవాళ్లను నేను చూశాను. 850 కిలోల ఇసుకే కావాలంటే ఆ తడికి 935 కిలోలు తూచి, 85 లీటర్ల నీళ్లు తగ్గించాలి. ఎప్పుడూ రెండూ కలిపి సరిచేయాలి, నీళ్లు ఒక్కటే తగ్గిస్తే సగం పనే అయినట్టు.

కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456లో కూడా తడి ఇసుక మోసుకొచ్చే నీళ్లకు ఒక ఉజ్జాయింపు పట్టిక ఇచ్చారు. బాగా తడిసిన ఇసుకకు 7.5 శాతం, అంటే ఘనమీటరు ఇసుకకు 120 లీటర్లు. ఒక మాదిరి తడికి 5 శాతం, 80 లీటర్లు. కొద్దిపాటి చెమ్మకు 2.5 శాతం, 40 లీటర్లు. కొలిచే వీలు లేని చోట వాడుకోమని ఇచ్చిన లెక్క అది. మీరు మాత్రం కొలవండి, ఎలాగో కింద రాస్తాను.

గుట్టలో నీళ్లు ఎక్కడ ఉంటాయి

ఇది అర్థమైతే మిగతాదంతా మీరే తేల్చుకోగలరు. ఇసుకలో నీళ్లు మూడు రకాలుగా ఉంటాయి. రేణువు లోపలికి తాగినవి కొన్ని. నది ఇసుకకు ఇది సాధారణంగా ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది, మిక్సులో బయటికి రాదు కాబట్టి వదిలేయండి. రేణువుల చుట్టూ, అవి ఒకదానికొకటి తగిలే మూలల్లో పట్టుకుని ఉండేవి కొన్ని. ఖాళీలు నిండా ఉండి, దారి దొరికితే కిందికి కారిపోయేవి మిగతావి.

పూర్తిగా నీళ్లతో నిండిన ఇసుకలో తడి 24, 25 శాతం దాకా ఉంటుంది. శుభ్రమైన, కాస్త గరుకైన వంశధార ఇసుకను ఎత్తుగా పోసి వదిలితే అందులో అధిక భాగం మొదటి రోజే కారిపోతుంది. రెండు మూడు రోజులకు గుట్ట నడుమ భాగం 5, 6 శాతానికి వచ్చి ఆగుతుంది. ఆ తర్వాత నెల రోజులు వదిలినా పెద్దగా తగ్గదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఇంకా వదిలితే ఇంకా ఆరుతుందని. బరువుకు కారాల్సింది కారిపోయింది. మిగిలింది రేణువుల మూలల్లో పట్టుకుని ఉంది, దాన్ని భూమ్యాకర్షణ లాగలేదు. అది పోవాలంటే ఆవిరి కావాల్సిందే.

మరి ఎండకు ఆవిరి కాదా అంటే, పైపొర మాత్రమే అవుతుంది. పైన కొన్ని సెంటీమీటర్లు ఎండిపోయాక ఆ పొడి పొరే మూతగా మారి లోపలి తడిని బయటికి రానివ్వదు. అందుకే మండు వేసవిలో కూడా గుట్టలో పార దింపితే జానెడు లోతులో ముద్దగా తగులుతుంది.

ఇక అడుగు సంగతి. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టే సన్న ఖాళీలు నీళ్లను పైకి లాగి పట్టుకుంటాయి. గరుకు ఇసుకలో జానెడు, సన్న ఇసుకలో రెండడుగులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఎత్తు వరకు గుట్ట అడుగు నీళ్లతో నిండే ఉంటుంది. గుట్ట ఎత్తు ఎంతైనా ఈ తడి పట్టీ మందం మారదు. కాబట్టి మూడు అడుగుల ఎత్తున పరిచిన ఇసుకలో సగం దాకా ఈ పట్టీయే ఉంటుంది. అదే ఇసుకను తొమ్మిది పదడుగుల ఎత్తున పోస్తే పట్టీ వాటా బాగా తగ్గిపోతుంది. పలచగా పరిస్తే బాగా ఆరుతుందన్నది ఎండలో ఆరబెట్టేటప్పుడు నిజం, నీళ్లు కారాల్సినప్పుడు కాదు. అప్పుడు ఎత్తే ముఖ్యం.

అడుగున కంకర పరిస్తే నీళ్లన్నీ లాగేస్తుంది కదా అని అడుగుతారు. కంకర పొర కారిన నీళ్లను పక్కకు పంపడానికి పనికొస్తుంది, వర్షం నీరు గుట్ట కింద నిలవకుండా చేస్తుంది. కానీ ఇసుకను 'పీల్చి' ఆరబెట్టదు. సన్న ఖాళీల్లో పట్టుకుని ఉన్న నీరు, ఇసుక అడుగు పూర్తిగా నిండేదాకా పెద్ద ఖాళీల్లోకి దిగదు. పైగా లోడర్ బకెట్ ఆ కంకరను ఇసుకతో కలిపి మిక్సులోకి తెచ్చేస్తుంది. నా సలహా, కంకర వద్దు, కాంక్రీటు నేల వేయండి.

నేల, కప్పు, తీసే పద్ధతి

మీ ఫొటోలో గుట్ట నేరుగా మట్టి మీద, రోడ్డు కన్నా పల్లంలో ఉంది. అన్నిటికన్నా ముందు సరిచేయాల్సింది అదే. చుట్టుపక్కల వాన నీరంతా గుట్ట అడుగుకే చేరుతోంది. ఒక 10 మీటర్లకు 10 మీటర్ల గుట్ట మీద 100 మిల్లీమీటర్ల వాన పడితేనే పది వేల లీటర్లు. దానికి తోడు యార్డు నీరు కూడా వచ్చి చేరితే ఇక చెప్పక్కర్లేదు.

యార్డు మట్టం కన్నా అరడుగు ఎత్తు లేపి, 50కి 1 వాలుతో కాంక్రీటు నేల వేయించండి. 100కి 1 కన్నా తక్కువ వాలు ఇస్తే ఇసుక పొడి పేరుకుని నీళ్లు నిలుస్తాయి. వాలు మీ లోడర్ పని చేసే వైపు నుంచి వెనక్కి ఉండాలి. అంటే లోడర్ ఎత్తు వైపు నుంచి ఇసుక తీయాలి, నీళ్లు వెనక పల్లం వైపు కారాలి. చాలాచోట్ల దీన్ని తిప్పి వేస్తారు, లోడర్ చక్రాలు బురదలో, బకెట్ నిండా అడుగు నీళ్లు. వెనక గోడ కట్టేటట్టయితే గోడ అడుగున రెండు మూడడుగులకు ఒక రంధ్రం వదిలి, అవతల కాలువ తీయండి. ఆ రంధ్రాలు వారానికోసారి పొడిచి శుభ్రం చేయాలి, లేకపోతే రెండు వానలకే మూసుకుపోతాయి.

కప్పు గురించి. మీరిప్పుడు బరకాలు నేరుగా ఇసుక మీద పరిచారు. కుండపోత వాన పడేటప్పుడు అది మంచిదే, వద్దనను. కానీ వాన వెలిశాక కూడా అలాగే ఉంచితే లోపలి ఆవిరి బరకం అడుగున చెమర్చి మళ్లీ ఇసుకలోకే కారుతుంది. పొద్దున్నే బరకం లేపి చూడండి, అడుగున బొట్లు కనిపిస్తాయి. గుణుపూర్ వైపు ఒక బ్లాకుల యార్డులో బరకాలు తీసేయించి, నాలుగు వైపులా గోడలు లేని రేకుల షెడ్డు వేయించాం. గాలి ఆడింది, వాన ఆగింది. ఇసుక తడి పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ 5 నుంచి 6 శాతం మధ్య నిలబడింది. ఆపరేటర్ రోజులో ఒకటి రెండుసార్లు తప్ప నీళ్లు మార్చాల్సిన అవసరం రాలేదు. మనకు కావాల్సింది ఇదే.

షెడ్డు మాత్రం గట్టిగా వేయండి. మన వైపు వాన సెప్టెంబరుతో అయిపోదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీకి గజపతి జిల్లా ఎంత దెబ్బతిన్నదో మీకు నేను చెప్పక్కర్లేదు. దసరా ముందు వానలు తగ్గాయి కదా అని కప్పులు ఊడదీసేవాళ్లు ఒక్క తుపానుకు మొత్తం నిల్వ తడిపేసుకుంటారు. రేకులకు జె-హుక్కులు దగ్గర దగ్గరగా వేయించండి, స్తంభాలకు పునాది లోతుగా తీయించండి.

ఇసుకను మూడు గదులుగా విడగొట్టగలిగితే మంచిది. ఒకదాంట్లో కొత్తది పోస్తారు, ఒకటి కారుతూ ఉంటుంది, ఒకటి వాడుతూ ఉంటారు. చోటు లేకపోతే కనీసం రెండు. ఈ రోజు వచ్చిన ఇసుక ఈ రోజే మిక్సర్‌లో పడకూడదు. కనీసం 24 గంటలు ఆగాలి. నది నుంచి నేరుగా వచ్చిన లోడు అయితే రెండు రోజులు ఆపితే ఇంకా మంచిది.

లోడర్ డ్రైవర్‌కు రెండు మాటలు నేర్పండి. అడుగున ఒక అడుగు మందం ముట్టుకోవద్దు, దాన్ని అలాగే వదిలేయాలి. అది మీ డబ్బే, ఎక్కడికీ పోదు, ఎండలు వచ్చాక గదులు ఖాళీ చేసేటప్పుడు వాడుకుంటారు. రెండోది, వాన పడ్డ మర్నాడు ఆరుబయట గుట్ట అయితే పైపొర గీసి పక్కన పెట్టి లోపలిది తీయాలి. రెండు మూడు బకెట్లు ఒకచోట పోసి తిరగేసి హాపర్‌లో (మిక్సర్‌కు ఇసుక అందించే తొట్టిలో) వేస్తే తడి ఇంకా సమంగా ఉంటుంది. రాయగడలో ఒక ప్లాంటులో రోజూ పొద్దున మొదటి రెండు ట్రిప్పుల కాంక్రీటు పలచగా వెళ్లేది, తర్వాతది బాగుండేది. రాత్రంతా హాపర్‌లో మిగిలిన ఇసుక నీళ్లు అడుగుకు దిగి, గేటు తెరవగానే ముందు అదే పడేది. సాయంత్రం హాపర్ ఖాళీ చేసి మూసే అలవాటు చేయించాక ఆ గొడవ పోయింది. మీ మెషిన్‌కు కూడా హాపర్ ఉంటే ఇది గుర్తుంచుకోండి.

తడి కొలవడం

ఖరీదైన సెన్సర్లు లేకుండానే బాగా కొలవొచ్చు. ఒక స్టవ్, ఒక బాండీ, ఒక గ్రాము వరకు చూపే తక్కెడ చాలు. గుట్టలో నాలుగైదు చోట్ల, పైపొర తీసేసి లోపలి నుంచి పిడికెడు చొప్పున తీసి కలపండి. అందులోంచి 500 గ్రాములు తూచి బాండీలో వేసి గరిటెతో కలుపుతూ వేడి చేయండి. ఇసుక రంగు మారి, గరిటెకు అంటుకోకుండా జారాక పైన ఒక గాజు పలక పట్టండి, చెమ్మ పట్టకపోతే ఎండినట్టే. చల్లారాక తూచండి. 470 గ్రాములు వచ్చిందనుకోండి. పోయిన 30ని ఎండిన 470తో భాగిస్తే 6.4 శాతం. ఎండిన బరువుతో భాగించాలి, తడి బరువుతో కాదు. ఇందులో రేణువు తాగిన ఒక శాతం తీసేస్తే మిక్సులో తగ్గించాల్సింది 5.4 శాతం. మీ ఇసుక ఎంత తాగుతుందో ఒక్కసారి ఏదైనా ల్యాబ్‌లో ఇసుక, కంకర పరీక్షల ప్రమాణం ఐఎస్ 2386 మూడో భాగం ప్రకారం చూపించుకుంటే ఆ అంకె చాలాకాలం వాడుకోవచ్చు.

కార్బైడ్‌తో పనిచేసే రాపిడ్ మాయిశ్చర్ మీటర్ కూడా దొరుకుతుంది. త్వరగా అవుతుంది. కానీ అందులో పెట్టేది కొద్ది గ్రాముల ఇసుకే, కాబట్టి నమూనా జాగ్రత్తగా తీయకపోతే అంకె అటూ ఇటూ పోతుంది. అది చూపించేది తడి బరువు మీద శాతం. 8 చూపిస్తే 8ని 92తో భాగించండి, 8.7 వస్తుంది, అదీ మన లెక్క. అందులో పుట్టేది ఎసిటిలిన్ గ్యాస్. బీడీ వెలిగించుకున్నవాళ్ల దగ్గర, స్టవ్ పక్కన మూత తీయొద్దు.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వాన పడితే మళ్లీ ఒకసారి కొలిచి పుస్తకంలో రాయించండి. ఆ అంకె పక్కన ఆ రోజు ఎన్ని కిలోల ఇసుక, ఎన్ని లీటర్ల నీళ్లు అన్నది కూడా ఉండాలి.

మీరు తూకంతో కాకుండా ఫర్మాలతో (కొలత పెట్టెలతో) కొలుస్తుంటే ఇంకో చిక్కు ఉంది. చెమ్మ ఇసుక ఉబ్బుతుంది. 4 నుంచి 6 శాతం తడి దగ్గర ఘనపరిమాణం 20, 30 శాతం దాకా పెరుగుతుంది, సన్న ఇసుక ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ఇంకా తడిపితే మళ్లీ దిగిపోయి, పూర్తిగా నీళ్లలో మునిగితే పొడి ఇసుక మట్టానికే వస్తుంది. చూడటం సులువు. ఒక పాత్రలో చెమ్మ ఇసుక 200 మిల్లీమీటర్ల ఎత్తు పోసి, తర్వాత నీళ్లు పోసి కలిపి నిలవనివ్వండి. 160కి దిగితే, దిగిన 40ని 160తో భాగించండి. 25 శాతం ఉబ్బు. అంటే 35 లీటర్ల ఫర్మాకు బదులు దాదాపు 44 లీటర్లు పోస్తే తప్ప మీకు కావాల్సిన ఇసుక రాదు. బ్లాకుల పనికి మాత్రం తూకమే పెట్టుకోండి, ఫర్మా వద్దు.

కొనేటప్పుడు కూడా ఇది గుర్తుండాలి. ఇటువైపు ఘనమీటర్లలో కొంటే ఉబ్బిన ఇసుకలో గాలికి డబ్బు కడతారు, టన్నుల్లో కొంటే నీళ్లకు కడతారు. వేసవిలో కొన్న లోడు, వానల్లో కొన్న లోడు ఒక్కటే ధర అయినా ఒక్కటే సరుకు కాదు.

ఎంత ఆగినా తడి దిగకపోతే

నేల బాగుంది, కప్పు ఉంది, మూడు రోజులు ఆగారు, అయినా నడుమ భాగం 9, 10 శాతంలోనే ఉందంటే ఇసుకలో ఒండ్రు ఎక్కువని అర్థం. సన్న మట్టి ఖాళీలను మూసేస్తుంది, నీళ్లను పట్టుకుంటుంది. వరద తగ్గాక ఒడ్డున తీసిన ఇసుకలో ఇది తరచూ ఉంటుంది. గాజు జాడీలో ఒక శాతం ఉప్పు కలిపిన నీళ్లు 50 మిల్లీలీటర్ల వరకు పోసి, ఇసుక వేసి 100కి తెచ్చి, మళ్లీ ఉప్పు నీళ్లతో 150కి నింపి, బాగా ఊపి మూడు గంటలు వదలండి. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొర ఇసుక మందంలో 8 శాతం దాటితే ఆ ఇసుకకు డ్రయ్యర్ కాదు, కడగడం కావాలి. ఆరబెడితే మట్టి గట్టి ఉండలవుతుంది, బ్లాకు మీద అవే మచ్చలుగా కనిపిస్తాయి.

సముద్రం పాయల దగ్గర, బాహుదా ముఖం వైపు తీసిన ఇసుక చౌకగా ఇస్తామంటే కూడా ఆలోచించండి. ఆరబెడితే నీళ్లే పోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. ఇనుము వేసే పనికి అది అసలు పనికిరాదు, బ్లాకు మీద తెల్లటి ఉప్పు పొంగుతుంది.

క్రషర్ నుంచి వచ్చే ఎం-శాండ్‌లో రాతిపొడి ఎక్కువ. ఇసుక, కంకరల ప్రమాణం ఐఎస్ 383 సహజ ఇసుకలో 75 మైక్రాన్ల కన్నా సన్నది 3 శాతానికి మించొద్దంటుంది, ఎం-శాండ్‌కు 15 శాతం వరకు ఒప్పుకుంటుంది. ఆ పొడి వల్ల తడి నెమ్మదిగా దిగుతుంది, కడిగిన ఎం-శాండ్ అయితే డీవాటరింగ్ స్క్రీన్ (నీళ్లు వడకట్టే జల్లెడ) దాటి వచ్చాక కూడా 12 శాతం అటూ ఇటూ తడితో ఉంటుంది. దానికి రెండు మూడు రోజులు ఇవ్వండి. చిప్స్‌తో పెద్ద బాధ లేదు, గంటల్లో కారిపోయి ఒకటి రెండు శాతానికి వస్తాయి. పాండ్ యాష్ (థర్మల్ ప్లాంట్ల చెరువుల్లోని తడి బూడిద) మాత్రం గుట్ట పోస్తే ఆరే సరుకు కాదు, 20, 30 శాతం నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. వీలైతే సైలో (మూసిన నిల్వ గొట్టం) నుంచి వచ్చే పొడి బూడిద, ఫ్లై యాష్ తెచ్చుకోండి.

కింద కామెంట్లలో ఒకరు మొక్కజొన్న ఆరబెట్టడానికీ ఇదే పద్ధతా అని అడిగారు కాబట్టి ఒక మాట. కాదండి. ఇసుకలో నీళ్లు రేణువుల మధ్య ఉంటాయి, గింజలో నీళ్లు గింజ లోపలే ఉంటాయి. గుట్ట పోసి వదిలితే గింజ కారదు, వేడెక్కి బూజు పడుతుంది. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు 17, మొక్కజొన్నకు 14 శాతం తడి మించకూడదంటారు. దానికి గాలి, వేడి రెండూ కావాలి, పలచగా పరచాలి.

డ్రై మిక్స్ బస్తాల సంగతి

ఇక్కడ మాత్రం ఇసుక తడి 0.5 శాతం లోపు ఉండాలి. ఎక్కువుంటే బస్తాలోనే సిమెంటు గడ్డకట్టడం మొదలవుతుంది. పర్లాకిమిడిలో ఒక చిన్న యూనిట్ బస్తాలు కొన్ని వారాలకే ఉండలు కట్టి వెనక్కి వచ్చాయి. ఇసుక చేతికి పొడిగానే తగిలేదట. చేతికి పొడిగా తగలడం వేరు, 0.5 శాతం వేరు. బాండీలో వేసి కొలవందే తెలియదు.

ఇప్పుడు డ్రయ్యర్ లెక్క. టన్ను ఇసుకను 6 శాతం నుంచి 0.5 శాతానికి తేవాలంటే 55 కిలోల నీళ్లు ఆవిరి చేయాలి. మామూలు వేడి నుంచి మరిగించి ఆవిరి చేయడానికి కిలో నీటికి దాదాపు 2.55 మెగాజౌళ్ల వేడి కావాలి, అంటే 55 కిలోలకు 140. ఇసుకను కూడా వేడి చేస్తాం కదా, దానికి ఇంకో 60. మొత్తం 200 మెగాజౌళ్లు. లీటరు డీజిల్‌లో ఉండేది 36 దాకా. ఒక్క చుక్క వృథా కాకపోయినా టన్నుకు ఐదున్నర లీటర్లు. పొగతో, డ్రమ్ము గోడలతో పోయేది కలిపితే ఏడెనిమిది, పాత మెషిన్ అయితే ఇంకా ఎక్కువ. ఈ రోజు మీ ఊళ్లో డీజిల్ ధరతో గుణించి చూడండి. బ్లాకుల ఇసుక మొత్తానికి ఈ ఖర్చు పెట్టి, ఆరబెట్టి, మళ్లీ అందులోనే నీళ్లు పోస్తారు.

ఆ లెక్కలోనే ఇంకో విషయం ఉంది. అదే ఇసుకను 12 శాతం తడితో డ్రమ్ములో వేస్తే ఆవిరి చేయాల్సిన నీళ్లు రెట్టింపు కన్నా ఎక్కువ. కాబట్టి డ్రయ్యర్ ఉన్నవాళ్లకు కూడా నేల వాలు, కప్పు, కారనివ్వడం తప్పవు. బరువుకు ఊరికే కారిపోయే నీళ్లను డీజిల్ పోసి మరిగించొద్దు.

మొదటి ఏడాది మీరు బస్తాలు తక్కువే చేస్తారు కాబట్టి ఎండనే వాడుకోమంటాను. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల వరకు నీరు ఆవిరవుతుంది. కాంక్రీటు కళ్లం మీద 5 సెంటీమీటర్ల మందాన ఇసుక పరిస్తే, 6 శాతం తడి అంటే అందులో ఉన్నది నాలుగున్నర, ఐదు మిల్లీమీటర్ల నీరే. గంటకోసారి పారతో తిరగేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. 10 సెంటీమీటర్లు పరిస్తే ఒక రోజులో ఆరదు, చూడటానికి పైన తెల్లగా ఉంటుంది కానీ అడుగు చెమ్మ అలాగే ఉంటుంది. వంద చదరపు మీటర్ల కళ్లంలో రోజుకు ఏడెనిమిది టన్నులు వస్తుంది. వేడి తగ్గాక, మంచు పడకముందే ఎత్తి, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న పెద్ద సంచుల్లో మూతి కట్టి, చెక్క పలకల మీద షెడ్డులో పెట్టండి. శుభ్రమైన ఇసుక ఉప్పులా గాలి తేమను లాగదు, కాబట్టి కప్పు కింద, నేలకు తగలకుండా ఉంటే వానాకాలమంతా అలాగే ఉంటుంది. వేడి ఇసుకను మాత్రం సిమెంటుతో కలపొద్దు, పూర్తిగా చల్లారాలి.

బస్తాల గిరాకీ నిలదొక్కుకుని ఎండలో ఆరిన నిల్వ చాలకపోతే అప్పుడు రోటరీ (తిరిగే డ్రమ్ము) డ్రయ్యర్ ఆలోచించండి, డీజిల్‌ది కాకుండా ఊకతో నడిచేది చూడండి. గుణుపూర్, పర్లాకిమిడి రైసు మిల్లుల నుంచి ఊక దొరుకుతుంది. అయితే పొగలో బూడిద ఇసుకలో కలవకుండా సైక్లోన్ (బూడిదను గాలి నుంచి వేరుచేసే గొట్టం) ఉన్నదే తీసుకోవాలి.

ఒక్క ప్రమాదం గురించి తప్పకుండా చెప్పాలి. చెమ్మ ఇసుక గోడలా నిలువుగా నిలబడుతుంది. కింద తవ్వుతూ పోతే పైభాగం వంగి వేలాడుతూ కూడా ఆగుతుంది. రేణువుల మధ్య ఉన్న ఆ కొద్దిపాటి తడే దాన్ని పట్టుకుని ఉంటుంది. ఎండకు ముఖం ఆరినా, వానకు నిండా తడిసినా ఆ పట్టు పోయి ఒక్కసారిగా కూలుతుంది. మీ ఫొటోలో ఒక కుర్రాడు అలాంటి నిలువు ముఖం కింద కూర్చుని పారతో లాగుతున్నాడు, అతని తలకన్నా మూడు నాలుగు అడుగుల ఎత్తు ఇసుక పైన ఉంది. డ్రయ్యర్, షెడ్డు తర్వాత చూసుకుందురు గానీ ముందు ఈ రోజే ఆ ముఖాన్ని లోడర్‌తో పైనుంచి వాలుగా కోయించండి. మనిషి ఎత్తుకు మించిన నిలువు ఇసుక కింద ఎవరినీ నిలబెట్టకండి, గదుల్లో పిల్లల్ని ఆడుకోనివ్వకండి.

ఒక వారం పాటు రోజుకు రెండుసార్లు, గుట్ట పైభాగం, నడుమ, అడుగు మూడు చోట్లా విడివిడిగా తడి కొలిచి ఇక్కడ పెట్టండి. జాడీలో ఒండ్రు ఎంత వచ్చిందో, మీ మిక్సులో ఒక్కో బ్యాచ్‌కు సిమెంటు, ఇసుక, చిప్స్ ఎన్ని కిలోలో కూడా రాయండి. ఏ తడికి ఎన్ని కిలోల ఇసుక, ఎన్ని లీటర్ల నీళ్లు అన్నది మీ ఆపరేటర్ గోడకు అంటించుకునేలా ఒక పట్టిక తయారు చేసి ఇస్తాను.